కొత్త గోడకు ఆనించిన సంగటి గిన్నె

గూళూరు చౌడప్ప ఇన్నాళ్లూ నేలమీదే బండలు పరిచాడు. గోడకు రాతిపలకలు అతికించడం బాగేపల్లిలో కామాక్షమ్మ వంటింట్లోనే మొదటిసారి. నేలయితే ఎంత బరువైనా మోస్తుంది, గోడ మోస్తుందా అని అతని బెంగ. "రేపటిదాకా గోడ ముట్టొద్దమ్మా" అని పదేపదే చెప్పి పోయాడేగానీ, రాత్రంతా కునుకు పడలేదు.

తెల్లారి వచ్చేసరికి ఆ మహాతల్లి రాగి సంగటి గిన్నెను ఆ గోడకే ఆనించి, బలమంతా పెట్టి తెడ్డుతో గెలుకుతోంది. చౌడప్ప పరుగున పోయి పలకలను రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. ఒక్కటీ కదల్లేదు.

"ఏమప్పా, గోడను అట్ల పట్టుకోనుండావు?"

"యాడ రాలిపోతాయోనని భయమమ్మా!"

"రాత్రి కూడా ఈడనే గెలికినా కదప్పా. అప్పుడెవురు పట్టుకోనుండిరి?"

చౌడప్ప మెల్లగా చేతులు దించాడు.

"అట్లయితే నాకూ ఒక ముద్ద పెట్టమ్మా."