ఎర్ర చీటీ లేని కాగితం

కోనసీమలో ఒక తాలూకా ఆఫీసులో నేను గుమాస్తాగా చేరిన కొత్తలో, అర్జెంటు కాగితాలకి ఎర్ర చీటీ గుచ్చేవారు. చీటీ ఉన్నది ముందు చూడాలి. నేను చేరేసరికే చీటీ లేని కాగితం దొరకడం కష్టమైపోయింది. విరిగిన కుర్చీల లెక్కకి ఒక చీటీ, ఆ లెక్క ఇంకా పంపలేదేమని అడిగిన ఉత్తరానికి రెండు చీటీలు. నా బల్ల చూస్తే మిరపకాయలు ఆరబోసినట్టుండేది.

ఆ రోజుల్లోనే ఒక ఎలిమెంటరీ స్కూలు మాష్టారు వచ్చారు. కూతురు నర్సింగు ట్రైనింగులో చేరడానికి నేటివిటీ సర్టిఫికెట్ కావాలి. విచారణ అయిపోయింది, తహసీల్దారు గారి సంతకమే తరువాయి. ఎప్పటికి కావాలని అడిగాను.

"తొందరేం లేదండి. తమరి తీరిక చూసుకునే కానివ్వండి" అన్నారు.

మా వైపు మర్యాద అలాంటిది. ఆకలేస్తోందా అంటే ఇప్పుడే తిన్నామంటాం. నేనూ అక్కడివాణ్ణే. అయినా ఆ మాట నమ్మి ఆయన కాగితం అడుగున పెట్టాను. బుద్ధి గడ్డి తింది.

మర్నాడూ వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. మూడోనాడూ కూర్చున్నారు. ఆ మధ్యాహ్నం భోజనానికి లేస్తూ, ఎందుకో "గడువెప్పుడండీ?" అన్నాను.

"ఈవేళేనండి. సాయంత్రం అయిదింటికల్లా కాకినాడలో ఇచ్చెయ్యాలంటండి."

"మరి చెప్పరేంటండీ!" అని అరిచాను.

"ఆయ్, తమరు పన్లో ఉన్నారు కదండీ. మధ్యలో ఎలా కదిపేదండి?"

ఒళ్లు మండింది, ఆయన మీద కంటే నా మీద. ఒంటిగంట బస్సు అందితే, గోదావరి రేవు దాటి నాలుగింటికి కాకినాడలో ఉండొచ్చు. కాగితం పట్టుకుని తహసీల్దారు గారి గదిలోకి పరిగెత్తాను. ఆయన దాన్ని తిప్పి చూసి, "చీటీ లేదే?" అని పక్కన పెట్టేశారు. చీటీల డబ్బా ఖాళీ. ఆయన బల్ల మీదున్న ఒక సర్క్యులర్‌కి మాత్రం ఒక చీటీ కనిపించింది. అయినదానికీ కానిదానికీ ఎర్ర చీటీలు వాడరాదని ఆ సర్క్యులర్ సారాంశం. ఆ చీటీ పీకి, మాష్టారి కాగితానికి గుచ్చి మళ్లీ ముందు పెట్టాను. తలెత్తకుండా సంతకం చేశారు.

మాష్టారిని సైకిల్ వెనక ఎక్కించుకుని బస్టాండు దాకా తొక్కాను. దారిలో "నెమ్మదిగా తొక్కండి, ఎండగా ఉందండి" అంటూనే ఉన్నారు. కదులుతున్న బస్సులోకి ఆయన్ని దాదాపు తోశాను. ఇంకొక్క నిమిషం ముందు నేను భోజనానికి వెళ్లిపోయి ఉంటే, ఆ పిల్ల చదువు నా బల్ల మీదే ఆగిపోయేది. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "తమర్ని శ్రమ పెట్టేనండి, ఏమీ అనుకోకండి" అంటున్నారు.