రైటు మావ

పూండి స్టేషనులో జెండా చూపే పోర్టరు మా వీధిలోనే ఉండేవాడు. వీధందరికీ ఆయన మావే. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు ఒక్కటే మాట, రైటు. గార్డు నోట విని ఇంటికి పట్టుకొచ్చాడు. కూరలో ఉప్పు సరిపోతే రైటు. పిల్లకు జ్వరం తగ్గితే రైటు. గట్టు తగాదాలో ఇద్దరి మాటా విని, "రైటు, ఇంక లెగిసి ఇళ్లకెల్లండి" అనేవాడు. వీధిలో ఏ బండి కదలాలన్నా ఆయన ఆ మాట అనాల్సిందే. చివరికి ఎద్దులు కూడా దానికే అడుగేసేవి.

ఆయన భార్యకు మాత్రం ఒళ్లు మండేది. "మనిసి మాటాడినట్టు మాటాడవేటి?" అనేది.

తల్లి పోయాక మావ తన చేతుల మీద పెంచిన తమ్ముడు రంగూన్ మిల్లులో పనికి బయల్దేరాడు. బారువలో ఓడెక్కాలి. పెట్టె బండిలో పెట్టారు, తమ్ముడు ఎక్కి కూర్చున్నాడు. ఎద్దులు కదల్లేదు.

"అన్నా, రైటను మరి. ఓడెల్లిపోద్ది" అన్నాడు.

మావ బండిలోని పెట్టెను మళ్లీ సర్దాడు. అది చూసి, ఆయన భార్యే గుమ్మంలోంచి మెల్లగా "రైటు" అంది. ఎద్దులు అడుగేశాయి.

అప్పుడు మావ వైపు చూశాను. రెండు చేతులూ తలపైకెత్తి నిలబడ్డాడు. ఎర్రజెండా దగ్గర లేనప్పుడు రైలు ఆపమని ఆయన చూపే సైగ అది.

బండిలోంచి తమ్ముడు దాన్ని దీవెన అనుకుని దణ్ణం పెట్టాడు.