మబ్బు కప్పిన హువాంగ్‌షాన్

మస్కట్ ఆస్పత్రిలో నర్సుగా నడిచి నడిచి మా ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. లిఫ్టు పాడైన రోజున ఖురంలోని మా ఫ్లాటుకు ఎక్కలేక కిందే కూర్చునేది. డాక్టరు ఆపరేషన్ తప్పదన్నాడు.

"తరవాత ఎలా ఉంటానో ఏమోనండీ. ఇప్పుడే ఒక్క కొండెక్కి చూస్తాను," అంది. అలా చైనా టూరుకు బయలుదేరాం.

షియాన్ కోటగోడ మీద రెండు లారీలు పక్కపక్కనే పోవచ్చు. దాని మీద నేనొక్కణ్ణే తిరిగాను. ఆవిడ కింద బెంచీ మీద కూర్చుంది. పాత చక్రవర్తి సమాధిలోని మట్టి సైనికుల బొమ్మల దగ్గర చక్రాల కుర్చీ అడిగింది. అలా దాచుకున్న మోకాళ్లను హువాంగ్‌షాన్ కొండ దగ్గర బయటికి తీసింది.

కేబుల్ కారు దిగేసరికి చుట్టూ తెల్లటి మబ్బు. ముందున్న మనిషి వీపు కూడా కనబడలేదు. శిఖరం దాకా రాతి మెట్లేననీ, ఎక్కినా ఏమీ కనబడదనీ, నొప్పులున్నవాళ్లు దిగిపోవడం మేలనీ గైడు చెప్పింది.

మాతో వచ్చిన సోహార్ ఉక్కు ఫ్యాక్టరీ ఫోర్‌మన్‌ది నిజామాబాద్ వైపు. "సార్, గీ మబ్బు జూసెతందుకు చైనా దాంక వస్తిమా? వానలప్పుడు మన ఒమన్ల సలాలా కొండలకు పోతే గిదే మబ్బు గదా!" అని నవ్వాడు.

"నవ్వు తమ్ముడూ. ఇది పట్టుకుని నవ్వు," అంటూ మా ఆవిడ తన బ్యాగు అతని మెడకు తగిలించి, మొదటి మెట్టు ఎక్కేసింది.

"అక్కా, గైడమ్మ అద్దన్నది!"

"ఆవిడ మోకాళ్లా ఇవి?"

మలుపు మలుపుకీ ఆగింది. దిగిపోదామని చెప్పబోయి, ఆ ముఖం చూసి మానుకున్నాను. కొండబండనే మెట్లుగా చెక్కారు. దేన్ని పట్టుకుని వేలాడుతూ చెక్కారో ఊహకు అందలేదు.

పైనా మబ్బే. ఆవిడ కమ్మీ పట్టుకుని చాలాసేపు నిలబడింది. "పోనీలెండి, ఎక్కాను కదా," అంది గానీ కళ్లు మాత్రం ఆ తెలుపులోంచి తిప్పలేదు.

అంతలో గాలి తిరిగింది. మా కాళ్ల దగ్గరే లోయ తెరుచుకుంది. ఒక రాతి శిఖరం, దాని వెనక మరొకటి, పగుళ్లలోంచి అడ్డంగా పెరిగిన పైన్ చెట్లు. మస్కట్ బోడికొండలు ఏ పొద్దున చూసినా అక్కడే ఉంటాయి. ఇవి అప్పుడే పుడుతున్నట్టున్నాయి. ఫోర్‌మన్ ఫోను పైకెత్తి, నొక్కడం మరిచిపోయాడు.

"ప్రభువా," అంది మా ఆవిడ.

మబ్బు మళ్లీ మూసుకుంది.

"ఇగ దిగుదమా అక్కా?"

"ఉండు తమ్ముడూ," అంది, మెట్టు మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటూ. "ఇంకోసారి తెరుస్తాడేమో చూద్దాం."