గ్రహణం పూట డాబా మీద

చంద్రుణ్ణి ఫోటో తీయడం చీకటితో పని అనుకుంటారు చాలామంది. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి చంద్రుడి మీద పడేది పట్టపగటి ఎండే. ఆ సంగతి తెలియక మొదటి ఆరు నెలలు నేను తీసిన ఫోటోలన్నిటిలోనూ తెల్లటి పళ్లెం తప్ప ఇంకేమీ రాలేదు. కోఠిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పొడవాటి లెన్సు నాది, రెండు కిలోల బరువు. అంత దగ్గరగా చూస్తే చంద్రుడు ఒక్క క్షణం నిలవడు. మధ్యలోకి తెచ్చి, టైమర్ నొక్కి, చేతులు తీసేలోపు పక్కకు జారిపోతాడు. ఊపిరి తగిలినా గుంతలన్నీ అలుక్కుపోతాయి.

మా ఇల్లు మేడ్చల్‌లో. ఉద్యోగం జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో. ఇంటి చుట్టూ గోదాముల లైట్లు, లారీల దుమ్ము. అందుకని పున్నమికి ముందు రెండు రోజులు లెన్సు భుజాన వేసుకుని శామీర్‌పేట పోయేవాణ్ణి. అక్కడ మా అత్తగారిల్లు. డాబా ఎక్కితే తూర్పు దిక్కున అడ్డమేమీ ఉండదు. చెరువు గాలికి స్టాండు ఊగుతుందని మా అత్తమ్మ తన తూకం రాళ్లను సంచిలో వేసి ఇచ్చేది, స్టాండుకు వేలాడదీయమని. మామ పోయిన దగ్గర్నుంచీ ఆమె రోడ్డు పక్కన చేపలు అమ్మి బతుకు లాక్కొచ్చింది. ఆమెకు నోట్లో నాలుక లేదని మాత్రం ఎవరూ అనలేరు.

మూడేళ్ల కిందట కార్తీక పున్నమికి గ్రహణం పడింది. చంద్రుడు గ్రహణంతోనే పైకి వస్తాడని, అరగంటలో విడిచిపోతుందని పంచాంగంలో రాశారు. అలాంటి ఫోటో మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో అని నేను వారం ముందు నుంచే లెక్కలు వేసుకుంటున్నాను. నా భార్యకు అప్పుడు ఏడో నెల. కాన్పు కోసం తల్లిగారింటికే వచ్చి ఉంది.

పొద్దు గూకక ముందే అత్తమ్మ నీళ్ల బిందెల మీద, పచ్చడి జాడీల మీద గరిక వేసింది. లోపలి గది కిటికీకి దుప్పటి కట్టింది. నా భార్యను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టింది.

"కాళ్లు చేతులు సక్కగ సాపుకొని పండుకో. గోక్కోకు. కత్తి, సూది ముట్టకు. గ్రహణం ఇడిశేదాక గడప దాటినవో, సూడు మల్ల!"

ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి కదా, నాకు నవ్వొచ్చింది. నవ్వును దాచుకోవాలని కూడా అనిపించలేదు.

చంద్రుడు పైకి వచ్చాడు. ముప్పావు వంతు ఎర్రగా, మురికిగా, ఒక అంచు మాత్రం తెల్లగా. నేనలాంటి ఫోటో అంతకుముందు తీయలేదు. చూపించడానికి పక్కన ఎవరూ లేరన్న వెలితి నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. అత్తమ్మ పక్కింట్లో కడుపుతో ఉన్న పిల్లకు గరిక ఇచ్చి రావడానికి వెళ్లడం పైనుంచి చూశాను. వెంటనే కింద గదిలో ఉన్న నా భార్యకు ఫోన్ చేశాను.

"రెండు నిమిషాలు వచ్చి సూసిపో."

"మా అమ్మ సంపుతది."

"అమ్మకు చెప్పేదెవరు? ఇది కెమెరాల బొమ్మే గద, నిజం చంద్రుడు కాదు గద."

ఎంత తెలివి! ఆమె గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి వచ్చింది. కెమెరా వెనక చిన్న తెర మీద బొమ్మ చూసి, "కొరికి ఇడిశిపెట్టిన రొట్టె తీరుగున్నది" అని నవ్వింది. ఇంతలో కింద గేటు చప్పుడైంది. నవ్వు ఆపేసి, ఎక్కినంత మెల్లగానే దిగిపోయింది.

"ఏడికి పోయినవే?" అత్తమ్మ గొంతు మెట్ల దగ్గర.

"దండెం మీద బట్టలుండె. మంచుకు తడుస్తయని తెద్దామని పోయిన. ఇంక ఆరలేదు, ఇడిశిపెట్టిన."

ఇదంతా నాకు పైకి వినబడుతూనే ఉంది. పిట్టగోడ మీద నుంచి తొంగి, "నేనే పిలిచిన అత్తమ్మా" అంటే అయిపోయేది. అల్లుణ్ణి కాబట్టి ఒక మాట తక్కువే అనేది. కానీ తెల్లటి అంచు పెరిగిపోతోంది, వెలుతురు మారిపోతోంది. నేను టైమర్ నొక్కాను.

ఆ రాత్రి ఫోటోను కంపెనీ వాట్సాప్ గ్రూపులో పెడితే అందరూ మెచ్చుకున్నారు. మేనేజరు దాన్ని పెద్దది చేయించి క్యాంటీన్ దారిలో గోడకు పెట్టించాడు.

రెండున్నర నెలలకు మాకు ఆడపిల్ల పుట్టింది. పై పెదవి ఎడమ పక్కన ముక్కు దాకా చీలి ఉంది. దాన్ని మా దగ్గర గ్రహణం మొర్రి అంటారు. నర్సు పాపను తెచ్చి చూపించినప్పుడు నాకు ముందుగా కలిగింది జాలి కాదు, భయం. డాబా మెట్లు గుర్తొచ్చాయి.

అత్తమ్మ పాపను చేతుల్లోకి తీసుకుంది. తర్వాత మంచం మీద ఉన్న కూతురి వైపు తిరిగింది.

"బట్టలకు పోయినవా? గా నాలుగు బట్టలు తడిస్తే ఏమైతుండె? పిల్ల మొకం కరాబు చేసినవ్ గదనే!"

నా భార్య నా వైపు చూసింది. కుట్లు పచ్చిగా ఉన్నాయి, తల కూడా సరిగ్గా ఎత్తలేకపోతోంది. నేను చేతిలో ఉన్న ఆస్పత్రి కాగితాలు చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం డాక్టరమ్మ వివరంగా చెప్పింది. కడుపులో బిడ్డకు పై పెదవి రెండో నెల దాటకముందే అతుక్కుంటుందట. ఏడో నెలలో వచ్చిన గ్రహణానికి దీనికి ఏ సంబంధమూ లేదట. ఆ మాట చెవిన పడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. తప్పే జరగనప్పుడు ఒప్పుకోవడానికి ఏముంది? డాక్టరమ్మ మాట నాకు గొడుగైంది. ఆ గొడుగు కింద నేనొక్కణ్ణే నిలబడ్డాను, నా భార్య వానలోనే ఉండిపోయింది.

అత్తమ్మకు ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పానో. "డాక్టరుకేం ఎరుక? ఆమె వచ్చి సూసిందా?" అనేది. పాప రొమ్ము పట్టలేకపోయేది. నా భార్య పాలు పిండి, ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, చెంచాతో చుక్క చుక్కా పోసేది. ఒక్కో పూటకు గంట పట్టేది. ముక్కులోంచి పాలు కారినప్పుడల్లా అత్తమ్మ కొంగుతో తుడుస్తూ, "అంతా బట్టలకోసం" అనేది. నా భార్య ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. నాతో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండని, ఎత్తకపోతే బాగుండని, రెండూ అనుకునేవాణ్ణి.

అయిదో నెలలో పెదవికి ఆపరేషన్, ఏడాది నిండాక లోపల చీలి ఉన్న అంగిలికి. బాగా కుదిరాయి. ఇప్పుడు సన్నటి గీత ఒకటి మిగిలింది. మాట కొంచెం ముక్కులోంచి వస్తుంది. మాటల్లో మాత్రం పాప అమ్మమ్మను మించిపోయింది. నేను చంద్రుణ్ణి తీయడం మానేశాను. అది చాలనుకున్నాను, నాకు నేను వేసుకున్న శిక్ష అనుకున్నాను. ఎవరికీ తెలియని శిక్షతో ఎవరి బరువు తగ్గుతుంది? రోజూ ఆ ఫోటో ముందు నుంచే క్యాంటీన్‌కు పోయి అన్నం తినేవాణ్ణి.

మొన్న హోలీకి వచ్చే కాముని పున్నమికి మళ్లీ అలాంటి గ్రహణమే వచ్చింది, చంద్రుడితో పాటే పైకి వచ్చేది. నా భార్యకు ఇప్పుడు నాలుగో నెల. గ్రహణం పూట బిడ్డ తన కళ్లముందే ఉండాలని అత్తమ్మ పట్టుబడితే ముగ్గురం శామీర్‌పేట వెళ్లాం. ఆఫీసులో వాళ్లు అడిగారని లెన్సు తెచ్చాను కానీ కారు డిక్కీలోంచి దించలేదు.

ఈసారి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. నా భార్య కొంపల్లిలో స్కూలు టీచరు, పిల్లలకు గ్రహణం పాఠం చెప్పే మనిషి. తానే కిటికీకి దుప్పటి కట్టుకుంది. తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది.

"బయటి నుంచి గొళ్లెం పెట్టమ్మా" అంది తల్లితో.

ఆ ఫోను నా చేతిలో నిప్పులా ఉంది. అత్తమ్మ గొళ్లెం పెట్టి, తలుపుకు ఆనుకుని కూర్చుంది. పాప నా మెడ పట్టుకుని చందమామను చూస్తానని గోల చేస్తోంది.

"ఈసారి నేనే కావలుంటా" అంది అత్తమ్మ. "మల్ల బట్టలు యాదికొస్తయేమో దీనికి."

"ఆ రోజు ఆమె బట్టల కోసం రాలేదు అత్తమ్మా" అన్నాను. "నేను పిలిచిన. ఫోటో సూపిద్దామని ఫోన్ జేసి నేనే పిలిచిన."

అత్తమ్మ నా మొహంలోకి చూసింది. ఆమె ఏమంటుందోనని ముందే నన్ను నేను కాచుకోవడం నాకు అలవాటైపోయింది. "అయినా డాక్టరమ్మ చెప్పింది గద, గ్రహణానికి..." అని మొదలుపెట్టాను. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"గ్రహణం సంగతి ఇడిశిపెట్టు. మొగడు పిలిస్తే వచ్చింది, దాంట్ల తప్పేమున్నది? మూడేండ్ల సంది నేను నా బిడ్డను తిడుతున్న అల్లుడా. నువ్వు పక్కన కూసోని ఇన్నవ్."

దానికి ఏ డాక్టరు మాటా అక్కరకు రాలేదు. జీవితంలో అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు. అత్తమ్మ తలుపు వైపు తిరిగి, చెక్కకు చెయ్యి ఆనించి, "బిడ్డా, ఇనవడ్డదా?" అని అడిగింది. లోపల చాప కదిలిన చప్పుడైంది. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూర్చుంది. పాప గోల మానేసి అమ్మమ్మ దగ్గరికి పోయి ఒళ్లో ఎక్కింది.

గ్రహణం విడిచాక అత్తమ్మ గొళ్లెం తీసి, నీళ్లు కాచడానికి వెనక్కి వెళ్లింది. నా భార్య చాప మీద లేచి కూర్చుని ఉంది. కదలకుండా పడుకుని కాళ్లు తిమ్మిరెక్కాయి. చెయ్యి అందిస్తే పట్టుకుని లేచింది. లేచాక చెయ్యి వదలలేదు, నా మొహం వైపు మాత్రం చూడలేదు.

"గీ మాట దవాఖానల అంటే అయిపోతుండె" అంది. "గప్పుడు నాకు శానా అక్కరుండె."