బోడి తోక

డ్యూటీ దిగి కాళ్లీడ్చుకుంటూ వస్తుంటే, కరీంనగర్‌లో మా గల్లీ మోరీలోంచి పందికొక్కు ఉరికింది. దాని బోడి తోక చూడగానే అవ్వ గుర్తొచ్చింది. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం.

నా చిన్నప్పుడు ఒకసారి, దుబాయ్‌లో ఉన్న బాపు ఫోన్ చేయక చాలా రోజులైంది. పొలం గట్టున ఏదో మాకు అడ్డంగా ఉరికింది.

"ముంగిస కనవడ్డది బిడ్డా, మంచి శకునం. ఇగ మీ బాపు వస్తడు," అంది అవ్వ, నెత్తిమీది గడ్డిమోపు దించకుండానే.

ముంగిసకు కుచ్చుతోక ఉంటుంది. దీనిది బోడి తోక. పాపం, అవ్వకు సరిగా కనబడలేదనుకున్నాను.

"అవునే అవ్వా, ముంగిసనే," అన్నాను.

ఇప్పుడు నాది అప్పటి అవ్వ వయసు. ఇంత అలసటలోనూ ఆ తోక ఇట్టే కనబడింది. ఏటా పందికొక్కుల బొక్కలు పూడ్చీ పూడ్చీ విసిగిపోయిన అవ్వకు ఆ రోజు కనబడలేదా?