వసుమతి ఇంటి బేస్‌బాల్ కార్డులు

1987లో, అక్టోబరు ఆఖరి శనివారం ఉదయం, జగన్మోహన్ రెండు వందల డాలర్లు పోసి కొన్న, ఆటగాడి బొమ్మ అచ్చేసిన పాత బేస్‌బాల్ కార్డుకి అతని భార్య వసుమతి నాలుగు మూలలా పసుపు రాసింది. ఇంట్లోకి కొత్తగా ఏది వచ్చినా ఆవిడ చేసే పనే అది. కారుకి రాసింది, ఫ్రిజ్‌కి రాసింది, గ్రీన్‌కార్డులకీ రాసింది. వాటిమీద తుడిస్తే పోయింది. ఇది అరచేయంత అట్టముక్క. తుడిచినకొద్దీ పసుపు లోపలికి ఇంకింది.

జగన్మోహన్ కార్ల కంపెనీలో ఇంజనీరు, తొణకని మనిషి. కార్డునీ భార్యనీ కారెక్కించుకుని, అమెరికాలో వాళ్ళుండే ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే ఉన్న కార్డుల షాపుకి తీసుకెళ్ళాడు.

షాపు పెద్దాయన భూతద్దంలో చూసి, మూలలు పాడైతే ధర పోయినట్టేనన్నాడు. పది డాలర్లిస్తానన్నాడు.

"అసలీ అట్టముక్కకి రెండొందలెందుకు?" అని వసుమతి ఆయన్నే నిలదీసింది.

"ముప్పై ఐదేళ్ళ కిందట ఇవి బబుల్‌గమ్‌తో వచ్చేవి, మేడమ్. సైకిల్ చక్రాల్లో పెట్టుకుని టపటపలాడించేవాళ్ళం. మేం పెద్దయ్యాక అమ్మలు చెత్తలో పారేశారు. ఇప్పుడు మాకందరికీ ఉద్యోగాలున్నాయి, కార్డులే లేవు."

వసుమతికి అప్పుడర్థమైంది. ఆ ధర కట్టింది అచ్చు వేసిన కంపెనీ కాదు, బొమ్మలోని ఆటగాడూ కాదు. ఇల్లు సర్దుకుంటూ విసుక్కున్న ఆడవాళ్ళు! ఎన్ని ఇళ్ళు, ఎన్ని చెత్తడబ్బాలు దాటి వచ్చిందో ఈ ఒక్కటీ! ఆవిడ ఆ కార్డుకి చేతులు జోడించింది.

"మరి ఈ కొత్తవి?" గోడ పొడుగునా పేర్చిన పెట్టెలు చూపించింది.

"వీటినెవరూ పారెయ్యరు. అందరూ దాస్తున్నారు. మీ ఆయన కూడా."

నిజమే. కూతురు రేణు కాలేజీ చదువుకని జగన్మోహన్ కొన్న కొత్త కార్డులు బేస్‌మెంట్‌లో మూడు పెద్ద పెట్టెలున్నాయి.

తిరిగొస్తుంటే కార్లో అడిగింది. "ఏమండీ, అందరిళ్ళలోనూ ఉంటే రేపు కొనేదెవరు?"

"పసుపు రాసినదానివి, నువ్వా నాకు ఇన్వెస్ట్‌మెంట్ చెప్పేది? ఇంకో పది పెట్టెలు బుక్ చేశా. సోమవారం రేణు సేవింగ్స్ మొత్తం విత్‌డ్రా చేస్తా."

రేణుకి ఉన్నదల్లా ఆ సేవింగ్సే.

ఆ సాయంత్రం హాలోవీన్, పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ వెళ్ళి చాక్లెట్లడిగే పండగ. జగన్మోహన్ కూతుర్ని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిప్పడానికి వెళ్ళాడు. ఇటు వసుమతి తలుపు తట్టిన పిల్లలు చాక్లెట్ల కోసం సంచులు చాపారు.

ఆదివారం పొద్దున్న వీధి వీధంతా టపటపమంటూ మోగింది. జగన్మోహన్ కాఫీ కప్పుతో వాకిట్లోకొచ్చి చూస్తే, ప్రతి సైకిల్ చక్రంలోనూ తళతళలాడే కొత్త కార్డులు. కప్పు అక్కడే పెట్టి బేస్‌మెంట్‌లోకి పరిగెత్తాడు. మూడు పెట్టెల్లో ఒకటి అడుగుదాకా ఖాళీ.

"వసూ! రేణు చదువుని దోసెళ్ళతో వీధిలో పంచిపెడతావా?"

వసుమతి దోసె తిరగేస్తూ అంది: "ఎవరో ఒక అమ్మ పారెయ్యకపోతే, మిగిలినవాటికి ధరెలా వస్తుందండీ?"