సొరకాయ కనబడ్డదా

మూడోనాడు పిట్టకు పెట్టినప్పుడు కాకి రాలేదు. సిద్దిపేట పొలిమేరలో, మా ఆయనను దహనం చేసిన చోటికి కొంచెం ఇవతల, ఆకులో అన్నం, మటన్, ఆయన తాగే బ్రాందీ కాస్త పెట్టి అందరం దూరం జరిగి నిలబడ్డాం. పిట్ట ముట్టకపోతే పోయిన మనిషికి మనసులో ఏదో మిగిలిందని అంటారు. అందుకని ఒక్కొక్కరు ముందుకు వచ్చి ఆయనకు మాట ఇస్తున్నారు. మా ఆడబిడ్డ, "తమ్మీ, నీ పెండ్లాన్ని మేం సూసుకుంటం, రంది వెట్టుకోకు" అంది. కాకులు కరెంటు తీగ మీద కూర్చుని చూస్తున్నాయి. దిగలేదు.

అప్పుడు మా మరిది ఆకు దగ్గరిదాకా నడిచాడు. అతనికి దక్షిణాఫ్రికాలో, సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో ఉద్యోగం. అన్న పోయాడని తెలిసి ముందురోజే దిగాడు.

"అన్నా, గా తెల్ల సొరను వదినెకు సూపిస్త. నాది పూచి" అన్నాడు.

"సొరనా?" ఆడబిడ్డ నెత్తి కొట్టుకుంది. "అయ్యో, ఆకుల సొరకాయ కూర వెట్టలే! గందుకే వస్తలేడు వాడు."

"సొరకాయ కాదక్కా, సొరచేప."

"చేపలు గూడ వెట్టలే గదరా!"

వాళ్లిద్దరూ అట్లా అనుకుంటుండగానే కాకి దిగి మటన్ ముక్క ఎత్తుకుపోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. కాకి దిగే ముందు మరిది చెయ్యి ఆకు వైపు కదలడం నేను చూశాను, ఏదో చేసి దాన్ని రప్పించాడనిపించింది.

అతనిచ్చిన మాట మీద కూడా నాకు అనుమానమే. మా ఆయన విత్తనాల దుకాణం నడిపిన మనిషి. కోమటిచెరువులో పడవ ఎక్కుదాం రమ్మంటే గట్టు మీదే ఉండి మా చెప్పులకు కాపలా కాసేవాడు. అటువంటివాడికి సొరచేపతో ఏం పని? మరిది అన్న పిండం ముందు అబద్ధం ఆడి ఉండాలి. లేదా, ఇంతకాలం కలిసి బతికిన నాకు చెప్పని కోరిక ఒకటి ఆయనకు ఉండి ఉండాలి. మొదటిదే నిజమైతే బాగుండునని నాకు ఉండేది.

ఫోన్లో ఎన్నిసార్లు అడిగినా మరిది "మీరు రాండ్రి వదినె, గప్పుడు జెప్త" అనేవాడు. ఏడాది మాసికం అయ్యాక టికెట్ పంపాడు. నేను వెళ్లింది చేపను చూడటానికి కాదు, అతన్ని ఎదురుగా పెట్టుకుని అడగడానికి.

మరిది ఉండే ఊరి రేవు నుంచి సొరచేపలను చూపించే పడవలు పొద్దుటి నుంచి ట్రిప్పులు వేస్తాయి. మాది మధ్యాహ్నపు ట్రిప్పు. పొద్దున వెళ్లినవాళ్లు తడి తలలతో దిగుతుంటే, ఎన్ని కనబడ్డాయని అడిగాను. ఒకాయన ఐదు అన్నాడు. ఆయన భార్య, ఒకటే ఐదుసార్లు వచ్చిందంది. టికెట్ల గది గోడ మీద మాత్రం నోరు తెరిచిన తెల్లసొర బొమ్మ పెద్దది ఉంది.

ఒడ్డు ఇంకా కనబడుతుండగానే పడవ ఆపేశారు. మనుషులు లోపల ఉండి సొరలను చూసే ఇనుప పంజరాన్ని పక్కకు కట్టి నీళ్లలోకి దించారు. పడవలో పనిచేసే పిల్ల ఒకతి చేపల ముద్ద కలిపిన నీళ్లను డబ్బాతో సముద్రంలో పోయడం మొదలుపెట్టింది. ఇంకొకతను తాడుకు చేప తలకాయ కట్టి విసిరాడు. దాంతోపాటు, సొరలు తినే సీల్ అనే సముద్ర జంతువు ఆకారంలో కోసిన చెక్క ఒకటి వదిలాడు. పైన అందరం మాటలు మానేసి నీళ్ల వైపే చూస్తున్నాం. తిండి పెట్టి, దూరం జరిగి, వస్తుందా రాదా అని ఇట్లా నిలబడటం నాకు కొత్త కాదు. ఈసారి మరిది చేతులు ఎక్కడున్నాయో చూసుకున్నాను. జేబుల్లో ఉన్నాయి.

చాలాసేపటికి ఒక నీడ వచ్చి చేప తలకాయను లాగింది. జనం కేకలు వేశారు. వీపు గోధుమరంగులో ఉంది. ఇది తెల్లసొరేనా అని నీళ్లు పోసే పిల్లను ఇంగ్లీషులో అడిగాను. కాదంది. ఇది వేరే జాతి, తెల్లవి ఈ మధ్య ఇటు రావడం బాగా తగ్గిందని చెప్పింది.

మరిది వైపు తిరిగాను. "నీకు ముందుగాలే ఎర్క."

"ఎర్కే వదినె. తెల్లది కనవడదంటే మీరు రారని జెప్పలే."

"మీ అన్న మాట గూడ గిట్లనే కల్పించినవా?"

"అన్న ఫోన్ జేసినప్పుడల్ల గదే అడుగుతుండె వదినె. 'ఇయ్యాల సొరకాయ కనవడ్డదారా' అని. నవ్వులాటకు సొరకాయ అంటుండె. కనవడ్డదంటే, ఎంత పొడుగున్నదిరా అంటుండె. 'మీ వదినెను దోల్కొస్త, ఆమెను దించు, నేను పైన చెప్పులు సూస్కుంట' అంటుండె."

ఆ సొరకాయ మాట నేను విన్నదే. ఆదివారం పొద్దున ఆయన ముందు గదిలో తమ్ముడితో మాట్లాడేవాడు, నేను వంటింట్లో ఉండేదాన్ని. సొరకాయ కనబడ్డదా, ఎంత పొడుగుంది అంటుంటే, ఆ దేశంలో కూరగాయలు దొరకడం కష్టమేమో అనుకున్నాను. ఈయనకు కూడా సొరకాయ మీద మనసు పోయిందేమో అనుకున్నాను. అందుకని ఆదివారం ఆదివారం సొరకాయ వండేదాన్ని, ఒకసారి పాలు పోసి, ఒకసారి శనగపప్పు వేసి. పెళ్లయిన కొత్తలో ఆ ముక్కలను కంచం అంచుకు జరిపిన మనిషి, తర్వాత మాట్లాడకుండా తినేవాడు. వయసుతో రుచి మారిందనుకున్నాను. ఎందుకు చెప్పలేదో తెలియదు. నేనూ అడగలేదు.

ఆ ఆదివారాల సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మరిది కల్పించడానికి వీలు లేదు. ఆ ఒక్క మాటా నమ్మాను.

"మరి ఆనాడు ఆకు దిక్కు చెయ్యెందుకు ఆడించినవ్?"

"ఈగలు వదినె."

"కాకికి పెట్టిన ఆకు మీద ఈగలు కొడ్తరా ఎవరన్న?"

ఈగల మాట ఇప్పటికీ నేను నమ్మను.

పంజరంలోకి దిగే వంతు మాది అని పిలిచారు. పడవ లోపలి గదిలోకి వెళ్లి, వాళ్లిచ్చిన రబ్బరు బట్టలు బిగించుకుని వచ్చాను. చెప్పులు విప్పి మరిది ముందు పెట్టాను.

"సూస్కో" అన్నాను.

నీళ్లు చాలా చల్లగా ఉన్నాయి. పంజరం కమ్మీ పట్టుకుని, పైనుంచి కేక వినబడగానే ఊపిరి బిగబట్టి తల ముంచాను. వచ్చింది గోధుమరంగుదే. మూతి నుంచి తోక దాకా అది పంజరాన్ని దాటిపోయేవరకు, ఎంత పొడుగుందో చూశాను.